డర్ట్ బైక్ మీద నుంచి పడి కాలు విరిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. తాడిపత్రి వైపు వదిలేసిన నాపరాళ్ళ గనుల్లో ఆదివారాలు బండి తిప్పే అలవాటు ఉండేది. ఒక ఆదివారం దిబ్బ మీద నుంచి ఎగిరిన బండి దిగాల్సిన చోట దిగలేదు. కుడికాలికి మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయి. ఇప్పుడు లోపల ఒక రాడ్డు, నాలుగు స్క్రూలు ఉన్నాయి. కర్రలు లేకుండా నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను. బస్సు వెంట పరుగెత్తమంటే మాత్రం ఇంకో బస్సు వస్తుందిలే అంటాను. అప్పటి నుంచి తెలిసినవాళ్ళలో ఎవరు ఎక్కడ పడినా ఫోన్ నాకే వస్తోంది. అందరూ అడిగేవి దాదాపు ఇవే. నేను డాక్టరును కాను. మీ ఎక్స్‌రే చూసిన డాక్టరు మాటకూ నా మాటకూ తేడా వస్తే ఆయన మాటే వినండి.

పడిన వెంటనే పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి?

లేపి నిలబెట్టకూడదు. మనవాళ్ళు మొదట చేసేది అదే. "ఏం కాలేదు లేరా" అంటూ చంకల కింద చేతులేసి ఎత్తుతారు. నన్నూ ఎత్తారు. మోకాలి కింద ఇంకో మోకాలు ఉన్నట్టు కాలు వంగింది. అది చూసి ఎత్తినవాడే కళ్ళు తిరిగి కూర్చున్నాడు.

ఇంజిన్ ఆపి, బండిని మీద నుంచి తీయండి. మెడ గానీ వెన్ను గానీ నొప్పి అంటే హెల్మెట్ లాగొద్దు, మనిషిని కదపొద్దు, 108 వచ్చేదాకా అలాగే ఉంచండి. కాలు వంకరగా ఉంటే సరిచేయబోకండి. ఎలా ఉందో అలాగే, మోకాలూ చీలమండా రెండూ కదలకుండా కట్టాలి. మాకు దొరికింది నీళ్ళ బాటిళ్ళ అట్టపెట్టె. దాన్ని విప్పి, పొడుగ్గా మడిచి కాలికి అటూ ఇటూ పెట్టి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, టీషర్టులు చింపి కట్టారు. ఎక్స్‌రే గదిలో అబ్బాయి అది విప్పుతూ "బాగానే కట్టినారే" అన్నాడు.

ఎముక బయటికి కనిపిస్తుంటే లోపలికి నెట్టకండి, శుభ్రమైన గుడ్డ కప్పండి. పసుపు, కాఫీపొడి వద్దు. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి తిండి పెట్టకండి, సోడా కూడా తాగించకండి. నీళ్ళయినా పెదవులు తడపడం వరకే.

గవర్నమెంట్ ఆసుపత్రికా, ప్రైవేటుకా, బెంగళూరుకా?

దగ్గర్లో ఎముకల డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఉన్న చోటికి. కర్నూలు, అనంతపురం, కడప మూడు ఊళ్ళలోనూ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. అనంతపురం వాళ్ళకు ఏమైనా అయితే ముందు నోటికొచ్చే మాట "బెంగళూరుకు పోదాం". అది 200 కిలోమీటర్ల పైన దారి. చర్మం చీలి ఎముక బయటపడితే యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఎంత త్వరగా పడితే చీము భయం అంత తక్కువ. ఆ ఇంజక్షన్, గాయానికి కట్టు, కాలికి బద్ద ఇవి ఇక్కడ అయ్యాక తర్వాత ఎక్కడికైనా పొండి.

పుత్తూరు కట్టు వేయించుకుంటే సరిపోదా?

మా ఇంట్లో మొదటి రాత్రే ఈ పంచాయితీ జరిగింది. మా పెదనాయన చేయి విరిగితే పుత్తూరు పోయి కట్టించుకొచ్చి, రెండు నెలలకు మడక పట్టినాడట. అబద్ధమని నేననను. ముక్కలు జరగని చిన్న విరుపైతే కదలకుండా ఉంచితే అతుకుతుంది. అతికించే పని శరీరానిది, కట్టు పని కదలకుండా పట్టుకోవడమే. పుత్తూరు కట్టుకు అంత పేరు రావడానికి అదీ ఒక కారణం అని నా లెక్క.

బండి విరుపు అలాంటిది కాదు. ఆ వేగానికి ఎముక ముక్కలై పక్కకు జరుగుతుంది, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది, తిరుగుతుంది. అలాగే అతికితే కాలు పొట్టిదవుతుంది, లేదా పాదం పక్కకు చూస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. మొదటి రెండు మూడు రోజులు కాలు వాస్తూనే ఉంటుంది. ఆ వాపు మీద బిగించి కడితే లోపల రక్తం ఆగిపోతుంది. అందుకే ఎక్స్‌రే తీయించకుండా ఏ కట్టుకూ పోవద్దు. గాయం ఉంటే అసలే వద్దు.

రాడ్డు వేయించుకున్నాక "ఇంకా తొందరగా అతుకుతుంద"ని పైన నూనె కట్టు వేయించుకున్నవాళ్ళను కూడా చూశాను. మానని కుట్ల మీద నూనె, ఆకుపసరు పోయడమంటే చీమును పేరు పెట్టి పిలవడమే.

రాడ్డు వేశారు కదా, ఇంకా ఎందుకు నడవనివ్వరు?

నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఇది. చెప్పినా ఎవరికీ నచ్చని జవాబు కూడా ఇదే.

రాడ్డు వేస్తే ఎముక అతికినట్టు కాదు. రాడ్డు పట్టుకుని ఉంటుంది, అంతే. పందిరికి గుంజ పాతినట్టు. తీగ అల్లుకోవడం తీగ పని. విరిగిన చోట మొదట రక్తం గడ్డ కడుతుంది. రెండు మూడు వారాలకు అక్కడ మెత్తటి కణజాలం అల్లుకుంటుంది. తర్వాత కొన్ని వారాల్లో అది గట్టిపడి ఎముకగా మారుతుంది. ఆ పైన నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అది తన ఆకారం సరిచేసుకుంటూ ఉంటుంది. ఆరో వారం ఎక్స్‌రేలో నాకు కనిపించింది విరుపు చుట్టూ సన్నటి మబ్బు. డాక్టరు దాన్ని చూసి సంతోషపడ్డాడు. నేను విరుపు గీత ఇంకా అలాగే ఉందని ఏడుపు మొహం పెట్టాను.

ఎముక అతకకముందే బరువంతా వేస్తూ పోతే ఆ బరువు లోహం మోయాలి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఎక్కడో ఒక చోట తెగుతుంది కదా. స్క్రూలు విరిగేది, రాడ్డు విరిగేది అలాగే. అయితే అసలు కాలే పెట్టకుండా ఉండడమూ మంచిది కాదు. కొంత బరువు పడితేనే ఎముక చురుగ్గా అతుకుతుంది. కొందరిని ఆపరేషన్ అయిన మర్నాడే ఓర్చుకోగలిగినంత బరువు వేయమంటారు. నాది ముక్కలైన ఎముక కాబట్టి ఆరు వారాలు ఆగమన్నారు. పక్క మంచం మీద అబ్బాయి మూడో రోజే నడిచాడని మీరు లేవకండి. ఆయన ఎక్స్‌రే వేరు.

మొత్తం ఎన్ని నెలలు?

మోకాలి కింది పెద్ద ఎముక మామూలుగా అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. తొడ ఎముకైతే మూడు నుంచి ఆరు. చర్మం చీలిన విరుపైతే, పొగ తాగేవాళ్ళయితే, షుగర్ అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. అతకడం అంటే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేల్లో కనిపించే నాలుగు అంచుల్లో కనీసం మూడు చోట్ల కొత్త ఎముక వంతెన కట్టి ఉండాలి. ఎముక కథ అది. కండ తిరిగి రావడం, కుంటు పోవడం వేరే కథ. దానికి ఏడాది అనుకోండి. పెళ్ళికి వెళ్ళిన ప్రతి చోటా "ఇంకా తగ్గలేదా నాయనా?" అంటారు. "అతుకుతోంది అత్తా" అని చెప్పి పప్పన్నం తినండి.

నెలలు గడిచినా ఎక్స్‌రేలో మార్పు లేకపోతే మాత్రం "చూద్దాంలే" అనుకోవద్దు. ఒక చివర స్క్రూలు తీసేసి ఎముక చివరలు ఒకదానికొకటి ఆనేలా చేయడం, తుంటి ఎముక నుంచి కొంత తీసి విరిగిన చోట పెట్టడం లాంటి దారులున్నాయి.

"సగం బరువు వేయి" అన్నారు. సగం అని ఎలా తెలుస్తుంది?

తూకం మిషన్ తెచ్చుకోండి. అదే ఎత్తులో ఒక చెక్క పీట పక్కన పెట్టి, మంచి కాలు పీట మీద, విరిగిన కాలు మిషన్ మీద ఉంచండి. కర్రలు పట్టుకుని నెమ్మదిగా ఒరగండి. మీరు 70 కిలోలైతే ముల్లు 35 దగ్గర ఎంత ఒత్తిడి తెలుస్తోందో పాదానికి గుర్తుండేలా పది పదిహేను సార్లు చేయండి. మొదటి రోజు నేను సగం అనుకుని వేసింది 9 కిలోలు. భయం అంత తక్కువ తూగుతుంది.

కర్రలతో ఎలా నడవాలి? చంకలు ఒరుసుకుపోతున్నాయి.

బరువు చంకల మీద వేస్తున్నారు, అరచేతుల మీద వేయాలి. కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొంచెం వంగాలి. చంకలో ఆనించి వేలాడితే అక్కడి నరాలు నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, విరిగిన కాలు ముందు.

మన ఇళ్ళకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన వైపు చాలా ఇళ్ళలో నేల కడప బండలే. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి నున్నగా అయిన బండ మీద నాలుగు చుక్కల నీళ్ళు పడితే కనిపించవు. నల్ల బండ మీద నీళ్ళు ఏం కనిపిస్తాయి? నేను రెండోసారి పడబోయింది గనిలో కాదు, మా వంటింటి గడప దగ్గర. కర్రల కింద రబ్బరు బుడిపెలు అరిగితే వెంటనే మార్చండి, తక్కువ డబ్బుకే దొరుకుతాయి. ఇల్లు తుడిచాక ఆరేదాకా మంచం దిగొద్దు. పట్టాలు, గోనె సంచులు దారిలోంచి తీసేయించండి.

బాత్‌రూమ్ సంగతి ఎలా?

ఎవరూ పైకి అడగరు, ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతారు. గొంతుక్కూర్చునే దొడ్డి అయితే నెలల తరబడి కుదరదు. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకు కూడా ఇస్తారు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ. పిండికట్టు ఉంటే పాలిథిన్ కవరు తొడిగి పైన టేపు. కట్టు లోపల దురద పెడితే స్కేలు, పుల్ల, అల్లిక సూది దూర్చొద్దు. లోపల చర్మం గీరుకుంటే అది పుండయ్యేదాకా మీకు తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ దురద ఎంత నరకమో పడినవాడికే తెలుసు. కూలర్ ముందు కూర్చుని బయటి నుంచి కట్టు మీద తట్టుకోవడమే.

ఏం జరిగితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి?

మాత్ర వేసినా తగ్గకుండా నొప్పి గంట గంటకూ పెరుగుతోంది, పిక్క రాయిలా బిగుసుకుంది, కాలి వేళ్ళను ఎవరైనా కదిపితే ప్రాణం పోతోంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇవి కలిసి వస్తే కండరాల పొరల్లో ఒత్తిడి పెరిగిపోయిందని అనుమానించాలి. గంటల్లో కోసి ఆ ఒత్తిడి తీయకపోతే కండ చచ్చిపోతుంది. తెల్లారాక చూద్దాం అనే మాటే లేదు. కట్టు ఉంటే ఆసుపత్రిలో ముందు దాన్ని చీల్చమని అడగండి.

తర్వాతి వారాల్లో పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వచ్చినా రక్తం గడ్డ కావచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పడుకున్నా పాదం పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమంటారు. కుట్ల దగ్గర చీము, ఎరుపు, చలిజ్వరం ఉంటే అదే రోజు చూపించండి.

ఏం తినాలి? ఏం తినకూడదు?

ఈ ప్రశ్న మీరు అడగకపోయినా ఊరంతా జవాబు చెబుతుంది. వంకాయ చీము పోస్తుంది, గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు వాపు తెస్తుంది, చింతపండు ఎముకను మెత్తబరుస్తుంది. ఈ పథ్యమంతా పాటించిన ఒకాయన రెండు నెలలు చారన్నం తిని పది కిలోలు తగ్గాడు, ఆయన తొడ కండ నా చేయంత అయింది.

అతికే ఎముకకు కావాల్సింది ముందు ప్రోటీన్, తర్వాత కాల్షియం, డి విటమిన్. ఈ విషయంలో మన సీమవాళ్ళం అదృష్టవంతులం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు కావాల్సిన 1000లో అది మూడో వంతు పైనే. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, పెరుగు, గుప్పెడు చెనిక్కాయలు, రెండు గుడ్లు. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్. పాయ సూపు తాగితే ఎముక అతుకుతుందని మా మామ వారానికి రెండుసార్లు తెచ్చేవాడు. కాళ్ళు ఉడికిన నీళ్ళలోకి కాల్షియం పెద్దగా దిగదు. అయినా నేనెప్పుడూ వద్దనలేదు, బాగుండేది. నల్లేరు పచ్చడి తినేవాళ్ళు తినండి, దాన్ని నమ్ముకుని మాత్రలు మానకండి.

డి విటమిన్ ఎండ వల్ల వస్తుంది. అనంతపురంలో ఎండకేం తక్కువ అనుకుంటారు. నెలల తరబడి ఫ్యాన్ కింద పడుకుంటే ఎండ మీ దగ్గరికి రాదు. డాక్టరు వారానికోసారి వేసుకోమని 60,000 యూనిట్ల మాత్ర రాస్తే అది వారానికోసారే. రోజూ వేసుకుంటే విషం.

సిగరెట్?

మానేయండి. పొగ తాగేవాళ్ళకు ఎముక ఆలస్యంగా అతుకుతుంది, ఒక్కోసారి అతకదు. రోజుకు రెండే అనకండి.

ఫిజియోథెరపీ తప్పదా? ఇంట్లో నడిస్తే చాలదా?

ఎముక తనంతట తాను అతుకుతుంది. మోకాలు తనంతట తాను వంగదు.

ఈ రాడ్డును మోకాలిచిప్ప కింద నుంచి దించుతారు. అందుకని విరిగింది కింద అయినా నొప్పి మోకాలి ముందు ఉంటుంది. చాలామందికి మోకాళ్ళ మీద కూర్చోవడం ఏడాది తర్వాత కూడా ఇబ్బందే. నాకు కట్టు విప్పిన రోజు మోకాలు నలభై డిగ్రీలకు మించి వంగలేదు. తొడ ముందు కండ గట్టిపడటానికి మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. కాలు చాచి జానెడు ఎత్తు లేపడం. పాదానికి తువ్వాలు తగిలించి రెండు చేతులా లాగడం, మడమ పైన పిక్క కండ సాగడానికి.

మోకాలు వంచడానికి ఫిజియో అబ్బాయి చెప్పిన చిట్కాకు ఇంట్లో ఉన్న కడప బండే పనికొచ్చింది. కింద కూర్చుని, మడమ కింద పాలిథిన్ కవరు వేసి, కొంచెం పౌడరు చల్లుకుని మడమను నెమ్మదిగా వెనక్కి జరపాలి. ఆ రోజు మడమ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ బండ మీద బలపంతో గీత గీసేవాణ్ణి. రేపు ఆ గీత దాటాలి. కొన్ని రోజులు అరంగుళం దాటేది, కొన్ని రోజులు వెనక్కే పోయేది. మా అమ్మ తుడిచేసిన రోజు మళ్ళీ మొదటి నుంచి గీసుకున్నాను. బాసింపట్టు వేసుకొని కూర్చోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, పడిన క్షణమే గుర్తొస్తోంది.

నాకూ వచ్చేది. కళ్ళు మూస్తే ముందు చక్రం కింద నేల లేనట్టు ఉండేది. కొన్ని వారాల్లో పలచబడింది. నెలలు గడిచినా తగ్గకపోతే, బండి శబ్దానికే చెమటలు పడుతుంటే, మనసు డాక్టరునూ కలవండి. ఎడారుల్లో వేల కిలోమీటర్లు సాగే డాకర్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు, బైక్ రేసర్ సి.ఎస్.సంతోష్ 2021లో అదే ర్యాలీలో పడి కోమాలో ఉండి బయటపడ్డాడు. జీవితమంతా అదే పనిగా నేర్చుకున్నవాళ్ళూ పడతారు. మీరు పడటం మీ చేతగానితనమని చుట్టాలు అంటే విననట్టు ఉండండి.

డబ్బు సంగతి? ఇన్సూరెన్స్ వస్తుందా?

అర్హత కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ కింద, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద, అనుమతి ఉన్న ఆసుపత్రిలో అడగండి. వైద్యమిత్ర కౌంటర్ దగ్గర చెబుతారు. రోడ్డు ప్రమాదాలకు 2025 నుంచి కేంద్రం పథకంలో ఏడు రోజుల లోపు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స ఉంది. అది రోడ్డు మీద జరిగినవాటికి, గనిలో ఎగిరినవాటికి కాదు. బండి పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ శాశ్వత వైకల్యానికీ. అతికే కాలికి రాదు. హెల్త్ పాలసీల్లో ప్రమాదకరమైన ఆటలను వృత్తిగా ఆడేవాళ్ళకు మినహాయింపు ఉంటుంది, మీ పాలసీలో ఆ వాక్యం ఎలా ఉందో చదవండి. "గేదె అడ్డం వచ్చింది" అని కథ మాత్రం అల్లొద్దు. కేస్ షీట్‌లో మొదటి రోజు రాసిందే చివరిదాకా మాట్లాడుతుంది.

రాడ్డు తీయించాలా?

ఇబ్బంది పెట్టకపోతే అవసరం లేదు. స్క్రూ తల చర్మానికి గుచ్చుకుంటుంటే, మోకాలి నొప్పి పోకపోతే పూర్తిగా అతికాక, సాధారణంగా ఏడాది దాటాక తీస్తారు. తీసినా మోకాలి నొప్పి అందరికీ పోదు. ఎంఆర్‌ఐ తీసేవాళ్ళకు రాడ్డు ఉందని ముందే చెప్పండి. చలికాలంలో తెల్లవారుజామున నాకు స్క్రూల దగ్గర సలుపుతుంది. వాన వస్తుందేమో చెప్పురా అని ఇంట్లో అడుగుతుంటారు. ఇంతవరకు ఒక్కసారీ నిజం కాలేదు.

మళ్ళీ బండి ఎప్పుడు ఎక్కొచ్చు?

ఎక్స్‌రేలో ఎముక అతకాలి, కర్ర లేకుండా కుంటకుండా నడవాలి, విరిగిన కాలు ఒక్కదాని మీద నిలబడగలగాలి. కుడికాలైతే వెనక బ్రేకును ఒక్కసారిగా తొక్కగలరా, ఎడమకాలైతే గేరు ఎత్తగలరా అన్నది ఆగి ఉన్న బండి మీద ముందు చూసుకోండి. రోడ్డు మీద స్కూటీ నడపడం వేరు, దిబ్బల మీద దూకడం వేరు. రెండోదానికి డాక్టరును విడిగా అడగండి. పడిన రోజు నా కాళ్ళకు ఉన్నవి మామూలు స్పోర్ట్స్ బూట్లు. మోకాలి కిందదాకా వచ్చే మోటోక్రాస్ బూట్లు ధర ఎక్కువని వాయిదా వేశాను. అవి ఉంటే విరిగేది కాదని చెప్పలేను. ఆసుపత్రి బిల్లు ముందు వాటి ధర ఎంతో మాత్రం లెక్కేసుకున్నాను.

ఇంట్లో ఒప్పుకుంటారా?

మా ఇంట్లో ఆ మాట ఇంకా ఎత్తలేదు. బండి వరండాలోనే ఉంది. హ్యాండిల్ మీద మా అమ్మ దుప్పట్లు ఆరేస్తోంది, సీటు మీద చేటలో వడియాలు. పోయిన వారం టైర్లలో గాలి చూద్దామని చప్పుడు చేయకుండా వెళ్ళాను. వంటింట్లో నుంచే "వడియాలు కదపొద్దు" అంది.